వలసబాలల పట్టికలు – 'అనాథ' శబ్దవిచారము

1869 మొదలు 20వ శతాబ్దపు పూర్వార్ధము వఱకు బ్రిటన్ నుండి సుమారు ఒక లక్షమంది బాలబాలికలు తల్లిదండ్రుల తోడు లేకయే కెనడాకు పంపబడిరి. మారియా రై, ఆనీ మాక్‌ఫర్సన్ అను వనితలు ఈ పద్ధతికి ఆద్యులు. 1882 నుండి బర్నార్డో సంస్థ దానిని విస్తరింపజేసినది. బాలురు పొలములలోను, బాలికలు ఇండ్లలోను పనికి కుదుర్పబడిరి. వీరిని గూర్చిన ఓడపట్టికలును, తనిఖీ నివేదికలును నేడు అట్టావాలోని జాతీయ పత్రాగారమున గలవు. చరిత్రకారులు వీనిని ఆధారములుగా గ్రహించిరి. మేము వీనిని రచనలుగా, అనగా ఒకరిని గూర్చి వేఱొకరు ఒక ప్రయోజనమునకై వ్రాసిన వ్రాతలుగా, పరిశీలింపదలచితిమి.

ఓడపట్టికలో పేరు, వయస్సు, ఓడ, తేదీ కలవు. తల్లిదండ్రుల పేర్లకు చోటు లేదు. 1860లో మదరాసు నుండి నేటాలు చేరిన ట్రూరో మొదలగు ఓడల కూలీ పట్టికలతో వీనిని పోల్చి చూడవలెను. అందు తండ్రిపేరు, కులము, గ్రామము, ఒంటిమీది గుర్తులు కూడ వ్రాయబడినవి. అవి ఆదరముతో వ్రాసినవి కావు. కూలీని గుర్తుపట్టుటకు వ్రాసినవి. అయినను, ఆ తెలుగు, తమిళ కూలీల సంతతివారికి ఊరు వెదకికొనుటకు అవియే దారి చూపుచున్నవి. వలసబాలుని పట్టిక ఆ దారిని సైతము మూసివేసినది.

పట్టిక మౌనము వహించిన చోట ఛాయాచిత్రము కల్పనకు పూనుకొన్నది. బాలలను చేరదీయుటకు ముందు, తరువాత తీసినట్లు బర్నార్డో ప్రకటించిన చిత్రములలో కొన్ని కావలెనని అమర్చినవని 1877 నాటి మధ్యవర్తుల విచారణలో తప్పుపట్టబడినది.

ఆండ్రూ డాయిల్ అను ప్రభుత్వ తనిఖీదారు 1875లో సమర్పించిన నివేదిక వీనికి భిన్నమైనది. పంపిన పిదప బాలల బాగోగులు చూచువారు చాలరని ఆయన ఆక్షేపించెను. దత్తత యనగా జీతము లేకుండ పని చేయించుకొనుటయేయని ఒక బాలిక చెప్పిన అర్థమును ఆయన నమోదు చేసెను. ఈ పత్రరాశిలో బాలల నోటి మాట యింత సూటిగా వినవచ్చు తావులు మిక్కిలి అరుదు.

ఆ బాలలు వీధులలో ఆకలికి మాడకుండ రక్షింపబడిరి గదా యని కొందఱనవచ్చును. మంచి యిండ్లు దొరకినవారును కలరు. దానిని మేము కాదనము. కాని వారిలో పెక్కుమందికి తల్లియో తండ్రియో జీవించియే యుండిరి. వారిని పోగొట్టినది మృత్యువు కాదు, దారిద్ర్యము.

కావున వీరిని తెలుగున 'అనాథలు' అని వ్యవహరించుటలో జాగ్రత్త యవసరము. నాథుడు, అనగా రక్షకుడు, లేనివాడు అనాథుడు. తల్లిదండ్రులు లేనివారను అర్థమున ఈ పదము వీరిలో పెక్కుమందికి చెల్లదు. రక్షకులు లేనివారను అర్థమున మాత్రము, ఓడ యెక్కిన పిదపనే చెల్లును. ఆస్ట్రేలియా ప్రధాని 2009లోను, బ్రిటిష్ ప్రధాని 2010లోను బాలల వలసకై క్షమాపణ చెప్పిరి. పట్టికలో లేని తల్లిపేరు క్షమాపణతో చేరదు. దానిని వెదకుటయే పరిశోధకుల విధియని మా యభిప్రాయము.