తలుపు అంచున ఉన్న అంకె

వసంతము ప్రవేశించి ఉత్తర టెక్సాసులోని చెరువులపై గాలి వెచ్చబడునంతలో, ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగు పట్టణములందు స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో ఏటేట ఒక ప్రశ్న తలయెత్తుచుండును. పిల్లలు ఎదిగినారు, శని ఆదివారములు కొంత తీరిక చిక్కినది, పడవయొకటి బేరమాడినాము, "అన్నయ్యా, దీన్ని లాగడానికి ఏ ట్రక్కు కొంటే బాగుంటుంది?" అని నన్నడిగినవారిలో పెక్కండ్రు అప్పటికే ఒక ట్రక్కును మనసున వరించి, నా అంగీకారముకొరకు మాత్రమే వచ్చియుందురు. ఫోర్డు మేలా, షెవర్లే మేలా, ర్యాము మేలా, టొయోటా మేలా యను వాదమునందు నాకును ఆసక్తి కలదు గాని, అది అన్నింటికిని కడపట రావలసిన ప్రశ్న. మొదట విచారింపవలసినది పడవను గూర్చి. పడవను గూర్చియు, దాని సౌందర్యమును వేగమును అటుంచి, దాని బరువును గూర్చి.

ఈ ప్రాంతపు చెరువులు ఆనకట్టలు కట్టగా నిలిచిన జలాశయములు. టెక్సాసు ఓక్లహోమా రాష్ట్రముల సరిహద్దున రెడ్ రివరుపై 1944లో పూర్తియైన డెనిసన్ ఆనకట్ట వెనుక విస్తరించిన టెక్సోమా వానిలో మిక్కిలి పెద్దది. డల్లాసునుండి 75వ నంబరు రహదారి పట్టి ఉత్తరముగా సాగినచో గంటన్నరలో దాని ఒడ్డు చేరవచ్చును. మెరీనాలో ఏడాది పొడవునను పడవను కట్టియుంచి అద్దె చెల్లించుట అందరి తరము కాదు. చెల్లింపగలవారిలోను ఒక్క చెరువునకే కట్టుబడి యుండనొల్లనివారు పలువురు. అట్టివారు పడవను ట్రెయిలరుపై ఇంటివద్దనే నిలుపుకొని, వలసినపుడు వెంట లాగుకొని పోవుదురు. అందుచేత ఇచట పడవ యనగా పడవ యొక్కటియే కాదు. పడవయు, ట్రెయిలరును, దానిని లాగు ట్రక్కును కలిసి ఒకే సాధనమని గ్రహించినగాని ఈ విద్య పట్టుబడదు.

పడవను అమ్మువారి పుస్తకములో బరువని అచ్చువేయబడిన అంకె ఒట్టి పడవ బరువు. ఇరువదియొక్క అడుగుల కుటుంబపు పడవకు ఆ అంకె 3,400 పౌన్లని యనుకొందము. అందులో పెట్రోలు చేరలేదు. గ్యాలను పెట్రోలు రమారమి 6 పౌన్లు తూగును గనుక, 40 గ్యాలన్ల తొట్టి నిండినచో 240 పౌన్లు పెరుగును. రెండు ఇరుసుల ట్రెయిలరు తానే వేయి పౌన్ల దాక ఉండును. బ్యాటరీలు, లంగరు, మోకులు, లైఫ్ జాకెట్లు, మంచుపెట్టె, పిల్లల ఆటసామగ్రి కలిసి మరియొక 400. వెరసి 5,040 పౌన్లు, అనగా ఇంచుమించు 2,290 కిలోలు. ఔట్‌బోర్డు ఇంజను తగిలించు పడవలలో ఇంజను బరువు సైతము ఆ మొదటి అంకెలో చేరకుండుట కలదు. కాగితముపై చిన్నదిగా కనబడిన పడవ రహదారిపైకి వచ్చునప్పటికి ఒకటిన్నర రెట్లగుట ఇట్లు.

ఈ లెక్కను ఊహకు వదలక తూచి తెలిసికొనుట మేలు. లారీలు ఆగు విడిదులలో క్యాట్ స్కేలను పేరుగల కాటాలు కలవు. కొలది డాలర్లకు ముందు ఇరుసుపై ఎంత, వెనుక ఇరుసుపై ఎంత, ట్రెయిలరు ఇరుసులపై ఎంత యని వేరువేరుగా అచ్చువేసిన చీటీ చేతికిత్తురు. పడవతో ఒకమారు, పడవను విడిచి ట్రక్కుతో మాత్రము మరియొకమారు తూచినచో, మొత్తపు బరువుల వ్యత్యాసము పడవతోకూడిన ట్రెయిలరు బరువగును. ట్రక్కు ఇరుసులు రెండింటిపై పెరిగినంత మేర, ట్రెయిలరును ట్రక్కు వెనుక తగిలించు హిచ్చుపై ఆనుచున్న బరువగును.

ఈ రెండవ బరువే ఈ విద్యకు కీలకము. ఎడ్లబండికి గడ్డి ఎత్తిన వారెవరికిని దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. బరువు వెనుకకు జారినచో నొగ పైకి లేచి ఎద్దుల గొంతుక్రింది పలుపులు బిగియును. మితిమీరి ముందునకు వచ్చినచో కాడిక్రింద మెడలు క్రుంగును. ట్రెయిలరుయొక్క నొగ ట్రక్కు హిచ్చుపై మోపవలసిన భారము సామాన్యముగ మొత్తము బరువులో నూటికి 10 మొదలు 15 వంతుల వరకని నియమము. పడవలకు ఇంజను వెనుకటి కొసన ఉండుటచేత అంతకన్న కొంత తక్కువకు ఒప్పుకొను తయారీదారులును కలరు. ఈ భారము చాలనప్పుడు ట్రెయిలరు వేగముమీద పామువలె ఇటునటు కొట్టుకొనుట మొదలిడును. ప్రక్కగాలి వీచినను, పెద్ద లారీ దాటిపోయినను అది అంతకంత కధికమగును. టెక్సాసు మైదానములలో కొండలు లేవు గాని గాలికి కొరత లేదు. కనుక మన పడవకు నొగపై ఇంచుమించు 500 పౌన్లు ఉండవలెనని నిశ్చయించుకొందము.

ఇపుడు ట్రక్కు కడకు రావచ్చును. దుకాణములో ట్రక్కు అద్దమునకు పెద్ద అక్షరములతో అంటించిన అంకె అది లాగగల బరువు. అది 9 వేలనియు 11 వేలనియు ఉండుటచేత, 5 వేల పౌన్ల పడవ దానికి తృణప్రాయమని తోచుట సహజము. అయితే డ్రైవరు తలుపు తెరచినపుడు కంబమునకు అంటియుండు పసుపు తెలుపు రంగుల చిన్న పత్రము వేరొకటి కలదు. ట్రక్కులోని మనుష్యులును సామానును కలిసి ఇన్ని పౌన్లకు మించరాదని అది తెలుపును. హిచ్చుపై ఆను బరువు లాగుబడునది కాదు, మోయబడునది; కావున ఆ 500 పౌన్లును ఈ చిన్న అంకెలోనుండియే వ్యయమగును. పత్రముపై 1,500 అని యున్నదనుకొందము. అయిదుగురి కుటుంబమునకు 750, నొగకు 500, మంచుపెట్టెకు, పనిముట్లకు, సంచులకు 150: మొత్తము 1,400. లాగుటకు ఇంకను నాలుగైదువేల పౌన్ల సామర్థ్యము మిగిలియున్న ట్రక్కునకు మోయుటకు నూరు పౌన్లే మిగిలినవి. బామ్మగారిని కూడ తీసికొనిపోదమనినచో ఆ నూరును చాలవు.

విశేషమేమనగా, ఈ చిన్న అంకె ఒకే పేరుగల ట్రక్కులలో ఒక్కొక్కదానికి ఒక్కొక్కవిధముగ ఉండును. తోలు ఆసనములు, అద్దపు పైకప్పు, పెద్ద చక్రములు మున్నగు అలంకారములన్నియు బరువే గనుక, అవి చేరినకొలది మోయు శక్తి తరుగును. విలువైన ట్రక్కు సాదా ట్రక్కుకంటె తక్కువ మోయుట ఈ కారణమున. అందుచేత నేను ఎవరివెంట దుకాణమునకు పోయినను, ఇంజను చూడకమునుపే ఆ ట్రక్కు తలుపు తెరచి ఆ పత్రమును చదువుదును.

పెద్ద అంకెను నేను తృణీకరించుట లేదు. దానివెనుక గొప్ప శ్రమ కలదు. ఒకప్పుడు ఏ తయారీదారునకు ఆ తయారీదారుని కొలతయే ప్రమాణము. 2008లో అమెరికాలోని ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘము జె 2807 అను ఉమ్మడి ప్రమాణమును వెలువరింపగా, టొయోటా తన 2011 నమూనాలతో మొదట దానిని స్వీకరించెను. తక్కినవారు తరువాత అనుసరించిరి. ఆ పరీక్షలలో ఒకటి అరిజోనాలో కొలరాడో నదిపై గల డేవిస్ ఆనకట్టవద్ద మొదలై 11.4 మైళ్ల దూరములో ఇంచుమించు 3 వేల అడుగుల ఎత్తు ఎక్కు రహదారిపై జరుగును. నూరు డిగ్రీల ఫారన్‌హీటు ఎండలో, ఏసీని పూర్తిగా తిప్పియుంచి, గంటకు 40 మైళ్లకు వేగము తగ్గకుండ, నిండుబరువుతో ట్రక్కు ఆ కనుమ నెక్కవలెను. ఇది నిజముగ ప్రశంసింపదగిన పరీక్ష. అయితే ఈ కొలతయందు ట్రక్కులో కూర్చుండువారు ఇద్దరే. ఒక్కొక్కరి బరువు 150 పౌన్లు. మన కుటుంబములు అట్లు ప్రయాణము చేయవు.

ఇంజనుల మాట క్లుప్తముగ చెప్పెదను. ఈనాటి పెద్ద పికప్పులలో వీ8 అయినను, టర్బో వీ6 అయినను 5 వేల పౌన్ల పడవకు శక్తి చాలకపోవుట లేదు. దానికంటె విచారింపదగినవి వెనుక ఇరుసులోని పళ్లచక్రముల నిష్పత్తి, గేరుబాక్సును చల్లబరచు కూలరు, కారఖానాలోనే అమర్చిన హిచ్చు. ఇవి మారుటచేత ఒకే సంవత్సరపు, ఒకే పేరుగల రెండు ట్రక్కులలో లాగు శక్తి వేల పౌన్ల మేర మారును. పడవ చిన్నదైనచో టకోమా, రేంజరు, కొలరాడో వంటి మధ్యతరహా ట్రక్కులు సరిపోవును. హోండా రిడ్జ్‌లైను పరిమితి 5 వేల పౌన్లు గనుక మన లెక్కలోని పడవకు అది చాలదు. విద్యుత్తు ట్రక్కులు లాగుటలో బలహీనములు కావు గాని, వెనుక పడవ తగిలించినపుడు ఒక చార్జితో పోవు దూరము సగమునకు పడిపోవుట సామాన్యము. టెక్సోమాకు పోయి వచ్చుటకు అది చాలునేమో గాని గల్ఫు తీరమునకు బయలుదేరువారు బాగుగ యోచింపవలెను.

శక్తికంటె ఎక్కువగా నేను మన్నించునది నిగ్రహము. మొత్తము బరువు 4,500 పౌన్లు దాటిన ట్రెయిలరుకు బ్రేకులుండవలెనని టెక్సాసు చట్టము. పడవ ట్రెయిలరు నీట మునుగవలసినది గనుక దానికి విద్యుద్బ్రేకులకంటె సర్జ్ బ్రేకులు వాడుకలో నున్నవి. ట్రక్కు వేగము తగ్గింపగనే వెనుకనున్న ట్రెయిలరు తన ఊపుచేత ముందునకు తోసికొని వచ్చును. ఆ తోపుడే నొగ కొసనున్న పిస్టనును నొక్కి, ద్రవపు ఒత్తిడిని చక్రముల బ్రేకులకు పంపును. ట్రక్కునుండి ఆజ్ఞ పోనక్కరలేకయే జరుగు ఈ ఏర్పాటు ఎంతయు ముచ్చటైనది. అయితే ఎగువకు వెనుకకు నెట్టునపుడును అదే తోపుడు పుట్టి, వలదన్నను బ్రేకులు పట్టును. దానిని వారించుటకు, ట్రక్కును వెనుకకు నడుపునపుడు వెలుగు దీపపు కరెంటును ట్రెయిలరుకు చేర్చు అయిదవ తీగ కావలెను. ట్రక్కునకు ఏడు మొనల సాకెట్టు ఉన్నదా, దానినుండి అయిదు మొనలకు మార్చు అడాప్టరు దొరకినదా యని కొనునాడే చూచుకొనుట వివేకము.

ఇంతవరకు చెప్పినది రహదారి మాట. ట్రక్కునకు అసలు పరీక్ష చెరువు గట్టున, నీటిలోనికి దిగు కాంక్రీటు ర్యాంపుపై జరుగును. దాని వాలు సాధారణముగ నూటికి 12 నుండి 15 వరకుండును. నీటి అంచున పాచి పట్టియుండును. టెక్సోమా గట్టున తెల్లవారుజామున చేపలకు వచ్చు ఒక వృద్ధుని నేను పలుమారులు చూచి, ఎంతో నేర్చుకొంటిని. ఆయన ర్యాంపునకు దూరముగనే ఆగి, ముందుగ ట్రెయిలరు చక్రముల హబ్బులను ఒక్కొక్కదానిని అరచేతితో తాకి చూచును. రోడ్డుమీద కాగిన బేరింగులు ఒక్కసారిగ చన్నీట మునిగినచో లోనికి నీటిని పీల్చుకొనును గనుక, అవి చల్లారుదాక ఆయన కదలడు. ఆ వ్యవధిలో వెనుక పట్టీలు విప్పును, పడవ అడుగునున్న బిరడా బిగించును, గొలుసులను సరిచూచును. పిమ్మట ట్రక్కెక్కి కుడిచేతిని స్టీరింగు క్రిందిభాగమున ఉంచును. చేయి ఎటు జరిగిన ట్రెయిలరు అటే తిరుగును. అద్దములలో చూచుచు, తొందరలేక, ఒక్క గీతవలె పడవను నీటిలోనికి దింపును.

తిరిగి ఎక్కించునపుడు ట్రక్కుయొక్క గుణము బయటపడును. నీరోడుచున్న పడవ వెనుక బరువుగా వ్రేలాడుచుండగా, వెనుక చక్రములు పాచిపై నిలిచియుండును; ముందు చక్రములు మాత్రము పొడి కాంక్రీటుపై నుండును. వెనుక చక్రములనే త్రిప్పు ట్రక్కు ఇచట జారి, రబ్బరు కమరి, ఒక్కొక్కప్పుడు నీటివైపునకే జరుగును. నాలుగు చక్రములను నెమ్మదిగ త్రిప్పు అల్పగేరు గలది పొడినేలను ముందు చక్రములతో పట్టుకొని నిశ్శబ్దముగ పైకి వచ్చును. ఏడాదికి కొలదిమారులే అవసరపడు ఈ సాధనముకొరకు వేల డాలర్లు ఎందుకని కొందరు అడుగుదురు. ఆ కొలదిమారులలో వెనుక చెరువును, ట్రక్కులో పిల్లలును ఉందురని నా సమాధానము.

గట్టెక్కిన పిదప పడవలోని నీటినంతయు వదలివేయుట టెక్సాసులో చట్టవిహితము. 2009లో టెక్సోమాలో కనబడిన జీబ్రా మసల్ అను చిన్ని గుల్లచేప నీటితోకూడ ఒక చెరువునుండి మరియొక చెరువునకు వ్యాపించుటయే ఇందుకు కారణము. గ్యాలను నీరు 8 పౌన్లకు పైగా తూగును గనుక ఈ విధి ట్రక్కునకును మేలుచేయును.

ఇన్ని నియమములు వినోదమును చంపునని కొందరి అభిప్రాయము. నాకట్లు తోచదు. రహదారిపై మన ముందు పోవు కారులోని మనుష్యులు మనలను ఎరుగరు. మన వెనుకనున్న రెండువేల కిలోల పడవను మనము ఆపగలమని నమ్మి, వెనుకకు తిరిగి చూడకయే నడుపుచుందురు. ఆ నమ్మకమునకు తగిన ట్రక్కును ఎన్నుకొనుట ఈ వినోదములో మొదటి ధర్మము. కాటా చీటీయు, తలుపు పత్రమును ప్రక్కప్రక్కన పెట్టి చూచినపుడు లెక్క కుదరనిచో మరింత పెద్ద ట్రక్కు కొనవచ్చును. లేదా మరింత చిన్న పడవ కొనవచ్చును. పదునెనిమిది అడుగుల పడవపై కూర్చున్న పిల్లలకు ఇరువదియొక్క అడుగుల పడవపై కంటె సంతోషము తక్కువగా ఉండుట నేను ఏ చెరువులోను చూడలేదు.