వైరు నాడి తెలిసిన చేతులు

బండి ఒకసారి సెల్ఫ్ అందుకుంటుంది, మరోసారి మొరాయిస్తుంది. ఇలా వచ్చిపోయే లోపాన్ని పట్టడంలోనే మెకానిక్ పనితనమంతా ఉంది. మంచి మెకానిక్ రాగానే బ్యాటరీ మార్చమనడు, మీటరు పెడతాడు. ఆపి ఉంచిన బండిలో 12.6 వోల్టులుంటే ఛార్జింగు నిండుగా ఉన్నట్టే. సెల్ఫ్ నొక్కగానే అది పదికి బాగా కిందకు పడిపోతే అనుమానం బ్యాటరీ మీదికో, టెర్మినళ్ల మీదికో వెళ్తుంది. పడకపోతే, రిలే కూడా టిక్కుమనకపోతే క్లచ్ స్విచ్చు, స్టాండు స్విచ్చు, వైరింగు చూడాలి.

అప్పుడతను హ్యాండిల్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ, మెడ దగ్గరి వైర్ల కట్టను వేళ్లతో కదుపుతాడు. టెస్ట్ ల్యాంపు ఒక్కచోట మినుక్కుమంటుంది. పైన తొడుగు బాగానే ఉంది, లోపల రాగి పోగులు తెగాయి! అతుకేసి టేపు చుడతాడు. ఎర్త్ బోల్టు కింది తుప్పు కూడా గీకి బిగిస్తాడు.

అక్కర్లేని సామాను అంటగట్టకుండా, అసలు కారణం దొరికేదాకా వెతికే ఆ ఓపికకు ఎంత కూలి ఇచ్చినా తక్కువే.