దోషసందేశములందలి లెక్క : పైథాన్ భాషపై ఒక విమర్శ

వాక్యార్థబోధకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనునవి కారణములని మన శాస్త్రకారులు నిర్ణయించిరి. కంప్యూటరు భాషలలో ఫంక్షనును పిలుచు వాక్యమునకును ఈ పరీక్షలో మొదటి రెండును వర్తించును. కోరినన్ని ఆర్గ్యుమెంట్లు రానిచో అది ఆకాంక్షాలోపము. సంఖ్య సరిపోయినను అంకె రావలసినచోట పదము వచ్చినచో యోగ్యతాలోపము. గీడో వాన్ రోసమ్ 1991లో వెలువరించిన పైథాన్ భాష ఈ రెంటిని ‘టైప్ ఎర్రర్’ అను ఒకే పేరితో పిలుచును. రూబీ భాష మొదటిదానిని ‘ఆర్గ్యుమెంట్ ఎర్రర్’ అని వేరుపరచినది.

పేరికంటె లెక్క విచార్యము. పైథానులోని జాబితాకు ‘అపెండ్’ అను ఫంక్షను కలదు. అది జాబితా చివర ఒక అంశమును చేర్చును. రెండంశము లిచ్చినచో, ఇది ఒక ఆర్గ్యుమెంటునే గ్రహించును, రెండు ఇవ్వబడినవి అను సందేశము వచ్చును. ఇది న్యాయమే. విద్యార్థి తానే ఒక క్లాసును నిర్మించి, అందు అదే పేరితో అదే పని చేయు ఫంక్షనును వ్రాసి, అదే తప్పు చేసినచో, ఇది రెంటిని గ్రహించును, మూడు ఇవ్వబడినవి అని వచ్చును. కుండలీకరణములలో అతడు వ్రాసినవి రెండే. మూడవది ఎక్కడిది?

అది నిర్వచనమున ‘సెల్ఫ్’ అను పేరితో మొదట నిలుచు వస్తువు. ప్రచారములోనున్న పైథాన్ నిర్మాణమున జాబితాయొక్క అపెండ్ సీ భాషలో రచింపబడినది; అచ్చట వస్తువు ఆర్గ్యుమెంట్లలో చేరదు. విద్యార్థి పైథానులో వ్రాసినదానియందు చేరును. కావున ఈ భేదము విద్యార్థి చేసిన తప్పునుండి పుట్టినది కాదు, నిర్మాణమునుండి పుట్టినది.

నిర్వచనమున సెల్ఫ్ స్పష్టముగా వ్రాయబడుచున్నది గనుక మూడను లెక్క సత్యమే యని కొందరనవచ్చును. సత్యమే. ‘వచ్చితిని’ అను క్రియలో ‘నేను’ అను కర్త గర్భితమై యుండుటయు సత్యమే. అంతమాత్రమున ఆ ఒక్క పదమును వ్రాసిన బాలునితో నీవు రెండు పదములు వ్రాసితివనిన, వాడు లేని పదమును తన పలకపై వెదకును. పైథాన్ నేర్చువాడును అట్లే సరియైన పంక్తులను శంకించి చెరపును. దోషసందేశము పిలిచినవానికి చెప్పబడునది. వాని కంటికి కనబడు వాక్యమునుండియే లెక్క మొదలు కావలెను. రూబీలో ఇట్టి తప్పునకు వచ్చు సందేశము, ఒకటి కోరబడినది, రెండు ఇవ్వబడినవి అనియే చెప్పును.

పైథాన్ లెక్కను మార్చుట కష్టమైనచో, ఆ సందేశమున ‘వస్తువుతో కలిపి’ అను రెండు మాటలు చేర్చినను చాలును.