అసత్ప్రలాపం నుంచి రచనాకాంక్ష దాకా: శ్రీలక్ష్మి హాస్యాభినయం – ఒక పరిశీలన

తెలుగు సినిమా హాస్యాన్ని గురించి వచ్చిన విమర్శలో రచయితకూ దర్శకునికీ దక్కిన స్థానం నటికి దక్కలేదు. ‘జంధ్యాల హాస్యం’ అన్న మాట స్థిరపడిన తరువాత ఆ సంభాషణలను పలికిన గొంతులన్నీ ఆ పేరులోనే కలిసిపోయాయి. నటుడు అమర్‌నాథ్ కుమార్తె, నటుడు రాజేష్ సోదరి అయిన శ్రీలక్ష్మి 1980వ దశకంలో హాస్యనటిగా నిలదొక్కుకుని, తరువాతి కాలంలో టెలివిజన్ ధారావాహికలలోనూ నటించారు. జంధ్యాల చిత్రాలలో ఆమె ధరించిన పాత్రలలో మూడింటిని పరిశీలించి, రాతలో స్త్రీని వెక్కిరించడానికి పుట్టిన హాస్యం అభినయంలో ఏ విధంగా దారి మళ్లిందో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

పూర్వరంగం

హాస్యరసం స్త్రీలలోనూ నీచప్రకృతి పాత్రలలోనూ ఎక్కువగా కనిపిస్తుందని భరతుడు నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో చెప్పాడు. వికృత వేషంతో పాటు అసత్ప్రలాపాన్ని, అంటే పొంతనలేని మాటను, హాస్యానికి విభావంగా పేర్కొన్నాడు. ఈ రెండింటినీ కలిపి చూస్తే స్త్రీ మాటే హాస్యాస్పదమన్న భావనకు శాస్త్రంలోనే చోటున్నట్లు తెలుస్తుంది.

తెలుగు సినిమాలో హాస్యనటి చాలాకాలం జంటలో ఒక సగంగానే కనిపించింది. రేలంగి–గిరిజ, రాజబాబు–రమాప్రభ జంటలు ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణలు. సూర్యకాంతం జంటతో నిమిత్తం లేకుండా నిలిచినా, ఆమె పాత్రలకు బలం గయ్యాళితనం, ఇంటి మీద పెత్తనం. శ్రీలక్ష్మి పాత్రలకు సాధారణంగా ఆ పెత్తనం లేదు. వాటికున్నది చెప్పాలన్న, రాయాలన్న తపన మాత్రమే.

కథకురాలు, కవయిత్రి

‘శ్రీవారికి ప్రేమలేఖ’ (1984)లో ఆమెది సినిమా కథలు చెప్పే ఇల్లాలి పాత్ర. తెరమీద పడే పేర్లతో మొదలుపెట్టి, ఏదీ వదలకుండా కథంతా చెబుతుంది. వినేవారి సహనం నశిస్తుంది, ఆమె ఉత్సాహం నశించదు. పొత్తూరి విజయలక్ష్మి నవల ‘ప్రేమలేఖ’ ఈ చిత్రానికి ఆధారం. ఊహల్లోని భర్తకు ఒక యువతి రాసిన ఉత్తరమే ఇందులో కథను నడిపిస్తుంది. నాయకుడు ఆమెను చూడకముందే ఆమె రాతను ప్రేమిస్తాడు. ఒకే చిత్రంలో ఒక స్త్రీ రాత ప్రేమకు కారణమైంది, మరొక స్త్రీ కథనం నవ్వుల పాలైంది. పెళ్లికి దారితీసే రాతకు దక్కిన గౌరవం, ఇల్లాలు తన ఆనందం కోసం చెప్పుకునే కథకు దక్కలేదు. ఒక హాస్యరచయిత్రి నవల నుంచి వచ్చిన చిత్రంలో ఈ వ్యత్యాసం ఉండడం మరింత ఆలోచించదగినది.

మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల ఆధారంగా వచ్చిన ‘చంటబ్బాయ్’ (1986)లో ఈ వస్తువు బాహాటమైంది. అక్కడ ఆమె కవయిత్రి. తన కవితలతో పత్రికా సంపాదకుణ్ణి వెంటాడుతుంది, ఆపైన తాను కనిపెట్టిన వంటకాలతో వేధిస్తుంది. అప్పటికి రెండు దశాబ్దాలుగా వారపత్రికలకు పాఠకులను సమకూర్చినవారిలో రచయిత్రులు ముందువరుసలో ఉన్నారు. వారి నవలలను వంటింటి కాలక్షేపంగా తేల్చిన విమర్శ కూడా అప్పుడు బలంగానే ఉంది. కవితనూ వంటనూ ఒకే పాత్ర చేతిలో పెట్టిన ఈ హాస్యం ఆ చిన్నచూపుకు దూరమైనది కాదు. శ్రీలక్ష్మి అభినయాన్ని మెచ్చుకునే తొందరలో ఈ సంగతిని దాటవేయకూడదు.

వాచికం చేసిన మార్పు

అయితే రాతలోని వెక్కిరింత తెరమీద అలాగే మిగలలేదు. నవ్వును ఆత్మస్థం, పరస్థం అని భరతుడు రెండుగా విభజించాడు. శ్రీలక్ష్మిది పూర్తిగా పరస్థం. ఆమె పాత్ర తాను నవ్వదు, తన మాట నవ్వు పుట్టిస్తుందన్న ఎరుకను ముఖంలో కనబడనివ్వదు. కవిత చదివేటప్పుడు ఆ గొంతులో ఉన్నది నిజమైన కవికి ఉండే తన్మయత్వమే. లోపం కవితలో ఉంది, కాంక్షలో లేదు. ఆ తేడాను నిలబెట్టింది నటి. అందువల్ల ప్రేక్షకుని నవ్వు ఆమె దగ్గర ఆగక, పారిపోలేని శ్రోత నిస్సహాయత మీదికి మళ్లుతుంది.

‘నాలుగు స్తంభాలాట’ (1982)లో సుత్తి వీరభద్రరావు, సుత్తి వేలు జంటతో ‘సుత్తి’ అన్న మాటే విసుగు పుట్టించే ప్రసంగానికి పేరైంది. అక్కడ సుత్తి వేసేది పురుషుడు, వినక తప్పనిది మరో పురుషుడు. శ్రీలక్ష్మి పాత్రలలో వక్త స్థానం స్త్రీకి వచ్చింది. ఇంట్లోనూ పత్రికా కార్యాలయంలోనూ వినడానికి అలవాటు పడిన స్త్రీ, వినిపించడానికి పూనుకుంది.

‘జయమ్ము నిశ్చయమ్మురా’ (1989)లో తప్పిపోయిన కొడుకు చిట్టి కోసం ఎదురుచూసే తల్లిగా, కనిపించిన యువకుణ్ణల్లా ఆ పేరుతో పిలుస్తుంది. శృంగారాభాసమే కాక కరుణాదుల ఆభాసం కూడా హాస్యమవుతుందన్న అభినవగుప్తుని వివరణకు ఇది చక్కని లక్ష్యం. ఇక్కడ వెక్కిరింతకు గురైనది తల్లి దుఃఖం కాదు. ఆ దుఃఖాన్ని అరగదీసిన సినిమా మాతృమూర్తి మూస. ఆ మూసను నవ్వుగా మార్చడానికి ఆమె ఎన్నుకున్న సాధనం అతిశయించిన ఆర్ద్రత. స్వరంలో ఏమాత్రం కొంటెతనం తొంగిచూసినా ఆభాసం చెడి, వట్టి అనుకరణ మిగిలేది.

ముగింపు

ఈ మూడు పాత్రలూ మాటను ఆశ్రయించి బతికే స్త్రీలవి. వారి మాటను అసత్ప్రలాపంగా చూపడం రచన చేసిన పని. ఆ ప్రలాపం వెనుక ఉన్న రచనాకాంక్షను కాపాడడం నటి చేసిన పని. మునిమాణిక్యం ‘కాంతం’ను భర్త కథనంలో విన్నాం. భానుమతి ‘అత్తగారి కథలు’లో స్త్రీయే కలం పట్టి నవ్వించింది. చేతిలో కలం లేకపోయినా గొంతుతో ఆ పాత్రను తనది చేసుకున్న నటిని ఈ పరంపరలో ఎక్కడ ఉంచాలన్నది హాస్య సాహిత్య చరిత్రకారులు వేసుకోవలసిన ప్రశ్న. నాటకకర్తతో పాటు నటుణ్ణీ రంగస్థల చరిత్రలో చదువుకుంటున్నాం. సినిమా సంభాషణను సాహిత్య పాఠంగా స్వీకరించే పరిశోధన, దానిని పలికిన వాచికాన్నీ ఆ పాఠంలో భాగంగానే లెక్కించాలి.