అన్నీ తెలిసిన నేస్తానికి రాసిన ఉత్తరం

ఉత్తరాల రూపంలో నవల రాయబోయేవాళ్లకి మొదటి పేజీలోనే ఒక చిక్కు ఎదురవుతుంది. ఉత్తరం అందుకునే మనిషికి సంగతులు సగం ముందే తెలుసు. నవల కొనుక్కున్న పాఠకుడికి ఏమీ తెలియదు. పాఠకుడి కోసం వివరిస్తూ పోతే అది ఉత్తరంలా ఉండదు. చిన్ననాటి నేస్తానికి మన ఆయన పేరేమిటో, ఏం చేస్తాడో ఎవరైనా రాస్తారా? వివరించకపోతే కథ అందదు. సెనెగల్ రచయిత్రి మరియామా బా ఈ చిక్కులోంచే బలం లాక్కుంది. ఆమె ఫ్రెంచి నవల ‘యూన్ సీ లాంగ్ లెత్ర్’ 1979లో వచ్చింది. తెలుగులో చెప్పుకోవాలంటే ‘ఇంత పెద్ద ఉత్తరం’. ఆఫ్రికా రచనలకి 2009 వరకూ ఇచ్చిన నోమా పురస్కారం 1980లో మొట్టమొదట దీనికే దక్కింది.

రాసేది రమతులాయ్, పన్నెండుమంది పిల్లల తల్లి, టీచరు. అందుకునేది ఐసతు, అమెరికాలో సెనెగల్ రాయబార కార్యాలయంలో దుబాసీ. ‘ఉభయకుశలోపరి’ లాంటి మర్యాదలేవీ లేవు. నీ ఉత్తరం అందింది, జవాబుగా ఈ నోటుపుస్తకం మొదలుపెడుతున్నాను అంటుంది. ఐసతు ఏం రాసిందో మాత్రం మనకి చూపించదు. ఇద్దరి మధ్య ఎప్పటినుంచో నడుస్తున్న మాటల్లోకి ఆలస్యంగా వచ్చి కూర్చున్నవాళ్లం మనం. అలా వచ్చినవాళ్లు ఏం చేస్తారు? నోరు మూసుకుని చెవులు రిక్కిస్తారు.

మరో రచయిత అయితే రమతులాయ్ భర్త చావు కబురు అక్కడే చెప్పేసేవాడు. రమతులాయ్ చెప్పదు. ముందు అమ్మమ్మల నాటి ఇరుగుపొరుగు స్నేహం, ఖురాన్ బడికి కలిసి నడిచిన రాళ్లదారి, ఇద్దరూ పాలపళ్లు పాతిపెట్టిన గుంటలు తలుచుకుంటుంది. ఇవన్నీ ఐసతుకి తెలిసినవే. అయినా ఎక్కడా కృతకంగా అనిపించవు. పరామర్శకి వెళ్లిన ప్రతివాళ్లకీ ఈ అనుభవం ఉండే ఉంటుంది: దుఃఖంలో ఉన్న మనిషి మనకి తెలిసిన కథే మొదట్నించి చెబుతుంది, మనం వింటాం. పాఠకుడికి కావలసిన సమాచారమంతా ఆ తలపోతలోనే, తనకోసం చెప్పినట్టు కాకుండా, అందుతుంది. అప్పుడు ఐసతుని మళ్లీ మళ్లీ నేస్తమని పిలిచి, ఆమె విడాకుల్నీ తన వైధవ్యాన్నీ పక్కపక్కన పెడుతుంది. మోదు చనిపోయాడు. మోదు ఎవరో విడిగా చెప్పదు. ఆ పేరు పలికిన తీరే చెబుతుంది. అక్కణ్నించి వాక్యాలు పరుగెడతాయి: ఫోను, టాక్సీ, ఆస్పత్రి.

నా దృష్టిలో ఈ ప్రారంభానికి ప్రాణం ఆ తర్వాతి పేజీల్లో ఉంది. చావింట్లో జనం, వంటలు, ఆడపడుచుల హడావుడి చెబుతూ చెబుతూ సవతిని ప్రస్తావిస్తుంది. తన ఇంట్లోనే తెచ్చి కూర్చోబెట్టారని విసుక్కుంటుంది. పేరు బినెతు. ఎక్కడ్నించి వచ్చింది, ఎప్పుడు వచ్చింది? ఐసతుకి తెలుసు కాబట్టి జవాబు లేదు. ముప్పయ్యేళ్ల కాపురానికీ అయిదేళ్ల కాపురానికీ అత్తింటివాళ్లు ఒకే తూకం వేశారన్న కోపం ముందు వస్తుంది. కథ చాలా పేజీల తర్వాత. బినెతు రమతులాయ్ పెద్దకూతురు దాబాకి స్నేహితురాలని, చదువుకోవడానికి ఆ ఇంటికే వచ్చిపోయేదని, మోదు పెళ్లి చేసుకున్న రోజునే ఇమాముని వెంటబెట్టుకుని ఆయన అన్న, స్నేహితుడు వచ్చి కబురు చెప్పారని తెలిసేసరికి మనం నవల నడుమకి వచ్చేస్తాం.

1740లో వచ్చిన శామ్యూల్ రిచర్డ్‌సన్ నవల ‘పామెలా’ కూడా ఒక చావుతోనే మొదలవుతుంది. యజమానురాలు పోయిందని పనిపిల్ల అమ్మానాన్నలకి రాసి మడుస్తూంటే చిన్నదొర గదిలోకి వస్తాడు, ఆమె గబుక్కున ఉత్తరం దాచబోతుంది. అక్కడ ఉత్కంఠ రేపేమవుతుందన్నది. రమతులాయ్‌కి జరిగిందంతా తెలుసు. దాన్ని ఎప్పుడు, ఏ మాటతో బయటపెడుతుందన్నదే మనల్ని పట్టి కూర్చోబెడుతుంది.

ఇంత పెద్ద ఉత్తరం రాయడానికి తీరిక ఎక్కడిదన్న అనుమానానికీ జవాబుంది. భర్త పోయిన ముస్లిం స్త్రీకి ఇద్దత్ అనే సంతాప గడువు నాలుగు నెలల పది రోజులు. ఆ కాలంలో ఇల్లు కదలకూడదు. ఇంకో ఆచారం కూడా కథకి పనికొస్తుంది: వారసత్వం పంచేటప్పుడు పోయినవాడి రహస్యాలన్నీ బయటికి తీస్తారు. బినెతు కోసం కొన్న ఇంటికి మోదు తనదీ రమతులాయ్‌దీ కష్టార్జితమైన ఇంటిని తాకట్టు పెట్టాడని అలా బయటపడుతుంది. ఆస్తి లెక్క తేల్చినట్టే ఆమె కాపురం లెక్కా తేల్చడం మొదలుపెడుతుంది.

లోపం లేదనను. ఐసతు విడాకుల కథని ఐసతుకే పూసగుచ్చినట్టు చెప్పే అధ్యాయాల్లో మొదట చెప్పిన చిక్కు బయటపడుతుంది. రచయిత్రికీ ఆ సంగతి తెలిసినట్టుంది, గాయం రేపినందుకు రమతులాయ్ చేత క్షమాపణ చెప్పిస్తుంది. తర్వాత ఒక రాజకీయ నాయకుడితో సాగే సంభాషణల్లో ఉత్తరం కాస్తా ఉపన్యాసమైపోతుంది.

మరియామా బా కూడా టీచరే, తొమ్మిదిమంది పిల్లల తల్లి. అందుకని ఇది ఆత్మకథ అనుకున్నవాళ్లున్నారు. కానీ ఆమె విడాకులు తీసుకున్న మనిషి. ఆ లెక్కన ఐసతుకే దగ్గర. విడిపోయిన స్త్రీకి ఉత్తరం అందుకునే చోటు ఇచ్చి, కలం మాత్రం ఆ ఇంట్లోనే ఉండిపోయిన స్త్రీ చేతికిచ్చింది. భర్తని వదిలి వెళ్తూ ఐసతు రాసిన ఉత్తరం కూడా నవలలో ఉంది. చాలా చిన్నది. రమతులాయ్‌కి అది కంఠతా వచ్చు.