రేనో వ్యాధి చికిత్స: పరీక్షలకే ఒక పరీక్ష

చలి తగిలినప్పుడు గాని, మనస్సు కలత చెందినప్పుడు గాని కొందరికి చేతివ్రేళ్లు సున్నము పూసినట్లు తెల్లబడును. కొంతసేపటికి అవి నీలివర్ణము దాల్చి, రక్తము తిరిగి ప్రవేశించునప్పుడు ఎర్రబడి సలుపును. వ్రేళ్లలోని సన్నని ధమనులు అవసరమునకు మించి ముడుచుకొనుటయే ఇందుకు కారణము. పారిస్ వైద్యుడు మారిస్ రేనో 1862లో తన సిద్ధాంత వ్యాసమున 25 మంది రోగుల వృత్తాంతములతో దీనిని వర్ణించినందున ఇది ఆయన పేరనే ప్రసిద్ధి చెందినది. వేరే జబ్బు ఏదియు లేకుండ దానంతట అది వచ్చునది ప్రాథమిక రూపము. ఇది బాధించునే గాని వ్రేళ్లకు ముప్పు తెచ్చుట అరుదు. చర్మము గట్టిపడు స్క్లీరోడెర్మా వంటి వ్యాధుల వెంట వచ్చునది ద్వితీయ రూపము. ఇందులో వ్రేలికొనలు పుండ్లు పడుటయు, ఒక్కొక్కప్పుడు కుళ్లిన వ్రేలిని తీసివేయవలసి వచ్చుటయు కలదు.

160 ఏండ్లకు పైగా ఈ వ్యాధికి మందు వెదకుచునే ఉన్నారు. ఈ కాలములో బాగున్నదని చెప్పబడిన చికిత్సలకు కొదువ లేదు. “బాగున్నది” అని ఏ కొలబద్దతో నిర్ణయించినారో చూచినప్పుడే చిక్కు బయటపడును.

మొదటి చిక్కు రేనో నాటిదే. సహానుభూత నాడీమండలము అతిగా ప్రేరేపింపబడుటచే ఈ వ్యాధి కలుగునని ఆయన తలచినాడు. ఆ మాటను నమ్మి 1920, 30 దశకములలో శస్త్రవైద్యులు ఆ నరములనే కోసివేయజొచ్చినారు. కోసిన వెంటనే చేయి వెచ్చబడును. వైద్యుడు తృప్తి పడును. రోగి ఇంటికి పోవును. కొన్ని మాసములకో, ఏండ్లకో చాలమందిలో వ్యాధి తిరిగి వచ్చినది. ఇంతలో లండనులో సర్ థామస్ లూయిస్ ఒక సులభమైన ప్రయోగము చేసినాడు. వ్రేలికి పోవు నరమునకు మత్తు ఎక్కించి, దాని పనిని ఆపివేసి, ఆ వ్రేలిని చల్లబరచి చూచినాడు. అప్పటికిని వ్రేలు తెల్లబడినది! దోషము కొంతవరకైనను ధమనిలోనే ఉన్నదని ఆయన 1929లో వాదించినాడు. ఆయన మాట ప్రకటితమైన పిదప కూడ కత్తి ఆగలేదు. శస్త్రచికిత్స జరిగిన మరునాటి వెచ్చదనమును కొలిచినవారికి, మరుసటి సంవత్సరపు చలికాలమును కొలువవలెనని తోచకపోవుటయే ఇందులోని లోపము.

తరువాతి కాలమున వచ్చిన మందులలో ముఖ్యమైనది నిఫెడిపిన్. ధమనీ కండరములలోనికి కాల్షియం ప్రవేశమును అడ్డగించి ఇది నాళమును సడలించును. దీనిపైనను, దీని జాతి మందులపైనను 1980 నుండి అనేక పరీక్షలు జరిగినవి. వాటినన్నింటిని కూడగట్టి లెక్కించిన కోక్రేన్ సంస్థవారి సమీక్ష 2017లో వెలువడినది. అందులోని పరీక్షలు 38. పాల్గొన్న రోగులందరు కలిసి 982 మంది. అనగా పరీక్ష ఒక్కింటికి సగటున 26 మంది! ఒక్కొక్క పరీక్ష నడిచిన కాలము సగటున 7 వారములకు కొంచెము మించినది. ఏండ్ల తరబడి వేధించు వ్యాధికి 7 వారముల పరిశీలన ఏపాటి?

ఫలితము మరింత ఆలోచింపదగినది. వారమునకు సగటున 6 దాడులు తగ్గినవని మొదటి లెక్క తేల్చినది. అయితే మిగిలిన వాటితో పొందిక లేక, అతిగా పెద్ద ఫలితము చూపిన 1985 నాటి చిన్న పరీక్షను ఒకదానిని తీసివేసి చూడగా, ఆ తగ్గుదల 3కు లోపుగా నిలచినది. ఒకే ఒక చిన్న పరీక్ష మొత్తము లెక్కను రెట్టింపు చేసినదన్న మాట. సమీక్షకులు ఈ సంగతిని దాచక చెప్పినందుకు మెచ్చుకొనవలసినదే. కాని వైద్యుల చేతికి చేరు సంగ్రహములలో “6” అన్న అంకె నిలచి, దాని ప్రక్కనున్న షరతు జారిపోవు ప్రమాదమున్నది.

అసలు “దాడి” అనగా నేమి? రోగి తన దినచర్య పుస్తకములో గీసిన గీత. ఒకరు ఒక వ్రేలు కొద్దిగా పాలిపోయినను వ్రాయుదురు. మరియొకరు పది వ్రేళ్లు మొద్దుబారిన గాని వ్రాయరు. పరీక్ష నడుమ ఎండలు వచ్చినచో దాడులు వాటంతటవే తగ్గును. చేతికి తొడుగులు వేసికొని, ఇల్లు కదలక కూర్చున్నవారికిని దాడులు తగ్గును. అది మందు గొప్పతనము కాదు గదా. బాధ మిక్కుటమైనప్పుడే రోగి వైద్యుని వెదకికొని వచ్చును గనుక, ఆ తరువాతి వారములు ఏమి చేసినను చేయకున్నను కొంత మెరుగుగానే కనిపించును. ఇవన్నియు చాలవన్నట్లు, నిఫెడిపిన్ పుచ్చుకొన్నవారికి ముఖము వేడెక్కుట, తలనొప్పి, కాళ్లవాపు కలుగును. తనకు నిజమైన మందు దక్కినదో, ఉత్తి మాత్ర దక్కినదో రోగి ఇట్టే గ్రహింపగలడు. ఇక గోప్యతకు అర్థమేమి?

ఈ లోపములను చాలవరకు దాటినది అమెరికాలో అనేక కేంద్రములలో జరిగి 2000లో ప్రకటింపబడిన పరీక్ష. అందులో 313 మంది రోగులు. కొందరికి నిఫెడిపిన్, కొందరికి ఉత్తి మాత్ర ఇచ్చినారు. మరికొందరికి యంత్రము చూపు అంకెలను గమనించుచు సంకల్పముచే వ్రేళ్లను వెచ్చజేసికొను శిక్షణ ఇచ్చినారు. ఈ శిక్షణకు అంతకుముందు మంచి పేరుండెను. పరిశోధకులు యుక్తిగా నాలుగవ జట్టునకు అదే విధమైన యంత్రముతో, వ్రేళ్ల వేడికి సంబంధింపని కండరముల శిక్షణ ఇచ్చినారు. యంత్రము ముందు కూర్చుండుటయే మేలు చేయుచున్నదేమో తేల్చుటకు ఇంతకంటె మంచి ఉపాయము లేదు. వ్రేళ్లను వెచ్చజేయు శిక్షణ ఆ ఉత్తి శిక్షణను మించలేదు. నిఫెడిపిన్ మాత్రము ఉత్తి మాత్రకంటె దాడులను 66 శాతము తగ్గించినది. అయినను ఒక మాట చెప్పక తప్పదు. ఇందులోని వారందరు ప్రాథమిక రూపము గలవారే. వ్రేళ్లు పోగొట్టుకొను భయము ఎవరికి తక్కువో వారిమీదనే ఇంత శ్రద్ధగల పరీక్ష జరిగినది.

ద్వితీయ రూపమునకు సిరద్వారా ఎక్కించు ఐలోప్రాస్ట్ అను మందును 131 మంది స్క్లీరోడెర్మా రోగులపై పరీక్షించి 1994లో ప్రకటించినారు. మందు జట్టులో దాడులు 39 శాతము తగ్గినవి. మందు లేని ద్రవము ఎక్కించిన జట్టులో కూడ 22 శాతము తగ్గినవి! ఈ రెండవ అంకెను మరువరాదు. పోల్చు జట్టు లేని పరీక్ష ఏదైనను ఈ 22 శాతమును తన ఘనతగానే చెప్పుకొనును. ఇదే మందును మాత్రగా ఇచ్చిన పెద్ద పరీక్షలో, 1998లో, ఉత్తి మాత్రతో పోల్చగా మేలు కనబడలేదు.

పుండ్లనే లెక్కించిన బోసెంటాన్ పరీక్షలు ఈ విషయమున ఆదర్శప్రాయములు. పుండును వైద్యుడు కంటితో చూడగలడు. అది రోగి బ్రతుకుదెరువును తాకును. 122 మందితో 2004లోను, 188 మందితో 2011లోను వెలువడిన ఈ రెండు పరీక్షలలో క్రొత్త పుండ్లు తగ్గినవి. ఉన్న పుండ్లు మాత్రము త్వరగా మానలేదు. కొలబద్ద గట్టిదైనందున మందు చేయునదేదో, చేయనిదేదో రెండును స్పష్టపడినవి.

టడలాఫిల్ కథ వేరు. మిషిగన్ విశ్వవిద్యాలయములో 39 మంది స్త్రీలకు ఈ మందును విడిగా ఇచ్చి చూడగా ప్రయోజనము లేదని 2009లో వ్రాసినారు. మరుసటి ఏడే లక్నోలోని సంజయ్ గాంధీ స్నాతకోత్తర వైద్య సంస్థవారు 25 మందిపై పరీక్షించి, ప్రయోజనమున్నదని వ్రాసినారు. ఒకరిది తప్పని తొందరపడి తీర్పు చెప్పరాదు. లక్నో రోగులు ఇతర మందులకు లొంగనివారు. ఆ పాత మందులను మానిపింపకయే టడలాఫిల్‌ను జోడించినారు. ఇద్దరు అడిగిన ప్రశ్నలే వేరు. ఇంత చిన్న పరీక్షలు రెంటిని ఒకే లెక్కలో కలిపి సగటు తీసినచో వచ్చు అంకె ఎవరి ప్రశ్నకు సమాధానమగును?

బొట్యులినం విషమును చేతిలోనికి సూదితో ఎక్కించి బాగుచేసితిమని చాల వ్యాసములు వచ్చినవి. వాటిలో పెక్కింటికి పోల్చు జట్టు లేదు. 2017లో ప్రకటించిన ఒక పరీక్షలో 40 మందికి ఒక చేతికి మందు, మరియొక చేతికి ఉప్పునీరు ఇచ్చినారు. రెండు చేతులకును అదే చలి, అదే మనస్సు, అదే యజమాని. మందు చేతిలో రక్తప్రసారము మెరుగుపడలేదు. 2023లో ఫ్రెంచి పరిశోధకులు 90 మందితో జరిపిన పరీక్ష కూడ ఉప్పునీటికంటె మేలు చూపలేదు.

ఇన్నిటిలో మిక్కిలి విలువైన ఆలోచన గ్రెనోబుల్ నగరమునుండి వచ్చినది. అక్కడివారు 2018లో ప్రకటించిన పనిలో 38 మంది రోగులలో ప్రతి యొక్కరిని ఒక ప్రత్యేక పరీక్షగా ఎంచినారు. అదే రోగికి ఒక వారము ఉత్తి మాత్ర, ఒక వారము సిల్డెనాఫిల్ 40 మిల్లీగ్రాములు, ఒక వారము 80 మిల్లీగ్రాములు, ఏది ఏదో తెలియకుండ, వరుస మార్చి మార్చి ఇచ్చినారు. చర్మములో రక్తప్రసారము పెరిగినట్లు యంత్రము చూపినది. సగటున రోగికి కలిగిన ఉపశమనము మాత్రము లెక్కింపదగినంత లేదు. అయితే ఆ సగటు వెనుక మనిషికి మనిషికి పెద్ద తేడాలున్నవి. అందరిని ఒక రాశిగా పోసియుంచినచో ఈ సంగతి బయటపడియుండెడిది కాదు. ఆ పరీక్షలో ప్రాథమిక, ద్వితీయ రూపములవారిరువురు ఉన్నారు. ఫలించువారెవరో మందు ఇవ్వకమునుపే గుర్తించు గురుతు ఏదియు ఆ 38 మందితో చేతికి చిక్కలేదు.