'కె.' అంటే ఏ ఇల్లు?

గడ్డిఅన్నారం గల్లీల్లో గేట్ల మీది పేర్లు చదువుతూ నడవడం నాకో సరదా. 'కె. సైదులు' అని కనిపిస్తే ఆ ఇంటి వేళ్లు నల్లగొండ వైపున్నాయని ముప్పాతిక ధీమాతో చెప్పేస్తాను. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుని కన్న బిడ్డకు హిందువుల ఇళ్లలోనూ సైదులు, సైదమ్మ అని పెట్టుకోవడం ఆ వైపు ఆచారం. యాదయ్య అయితే యాదగిరిగుట్ట, సమ్మయ్య, సారయ్య అయితే మేడారం. పుట్టిన పిల్లలు దక్కకపోతే తర్వాతి వాణ్ని పెంట మీద పడుకోబెట్టి మళ్లీ ఎత్తుకుంటారు. వాడు పెంటయ్య. తాత పేరు పెట్టుకున్న మనవణ్ని తల్లి ఆ పేరుతో పిలవదు, మామ పేరు నోట రాకూడదు గనక. వాడు ఇంట్లో కలకాలం 'పెద్దోడు'గానే ఉండిపోతాడు.

ఇన్ని ఆనవాళ్లిచ్చే గేటు అసలు సంగతి మాత్రం 'కె.' అన్న పొడి అక్షరంలో దాచేస్తుంది. కంచర్లా, కొండేటా, కొత్తా?

ఆ ఇంటిపేరు వెనకున్న వంశాన్ని పాడి చెప్పగలవాళ్లు మనకున్నారు. రెడ్లకూ కాపులకూ పిచ్చికుంట్లవారు, ముదిరాజులకు కాకిపడగలవారు, గొల్లలకు మందహెచ్చులవారు, పద్మశాలీలకు కూనపులివారు, మాదిగలకు డక్కలివారు. పుట్టుకుంటి అయిన తమ్ముడికి అన్నలు తమ గోత్రాలు పాడుకుని బతికే హక్కిచ్చారని పిచ్చికుంట్ల గురించి ఓ కథ చెబుతారు, నిజమెంతో గానీ. సర్కారు జాబితాలో వాళ్ల పేరిప్పుడు వంశరాజ్.

వాళ్ల పనితనం చూడాలంటే గుమ్మంలో నిలబడ్డప్పుడే చూడాలి. ముందు ఇంటిపేరు అడుగుతారు, ఆ వెంటనే గోత్రం. ఆ రెండూ కుదిరాయా, ఇక చేతిలో కాగితం ముక్క లేకుండా దరువు మీద తాతలు ఒక్కొక్కరే దిగివస్తారు. ఒట్టి పేర్ల జాబితాను మనం మూడో తరం దగ్గరే మర్చిపోతాం. వాళ్లు పేరును పొగడ్తకూ లయకూ బిగించి కడతారు, అందుకే జారదు. ఒకరి మిరాశి ఊళ్లలోకి, అంటే వంశపారంపర్యంగా దక్కిన ఊళ్లలోకి, ఇంకొకరు రారు, కాబట్టి ఎవరి ఇళ్లు వాళ్లకు కంఠతా. కిన్నెర మొగులయ్య ఆ డక్కలివారి బిడ్డే. పన్నెండు మెట్ల కిన్నెర మీద జానపద వీరుడు పండుగ సాయన్న కథ ఆయన ఎత్తుకున్నాడంటే రోమాలు నిక్కబొడుచుకుంటాయి. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. నన్నడిగితే ఆలస్యమే.

కాగితాలు లేవా అంటారు. భూమి ఉంటే 1954-55 ఖాస్రా పహాణీలో తాత పేరు, ఆయన తండ్రి పేరు దొరకొచ్చు. సెంటు నేల లేని మాదిగ ఇంటి తాతను ఏ పహాణీ రాసింది? ఆ ఇంటి పేరు నిలిపింది డక్కలి గొంతే. వలస కాగితాలూ అంతే. 1860లో మద్రాసు నుంచి డర్బన్ చేరిన 'ట్రూరో' ఓడ జాబితాలో కూలీ పేరు, తండ్రి పేరు, ఊరు ఉంటాయి, ఇంటిపేరుకు గడే లేదు. క్యుబెక్ ఫ్రెంచివాళ్లు అదృష్టవంతులు. ఒకే ఇంటికి రెండేసి పేర్లున్నా చర్చి రిజిస్టర్లు రెంటినీ పట్టుకున్నాయి. మన రిజిస్టర్లు గడప గడపా తిరిగే మనుషులు.

ఆ మనుషుల్ని మనమేం చేశాం? అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్‌తో వెళ్లగొట్టించాం. ఇంటర్నెట్‌లో ఎత్తుకొచ్చిన చెట్టు బొమ్మకు నాలుగు ఫొటోలు అంటించి, గృహప్రవేశానికి 'మా వంశవృక్షం' అని ఫ్లెక్సీ కట్టుకుంటున్నాం. అందులో ముత్తాత భార్య పేరుండదు, ఆమె పుట్టింటి పేరు అసలే ఉండదు. గోత్రం తెలియదంటే పూజలో ఏదో ఒకటి చెప్పించి కానిచ్చేస్తారు. వాట్సాప్‌లో తిరిగే గోత్రాల పట్టికలైతే చెత్త, అంతకన్నా మర్యాదైన మాట నాకు దొరకలేదు.

ఈ దసరాకు ఊరికి పోయేవాళ్లు మీ ఇంటికి వచ్చే మిరాశీదారు ఎవరో పెద్దమ్మనో మేనత్తనో అడిగి కనుక్కోండి. ఆయన్ని పిలిచి కూర్చోబెట్టి, ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఫ్లెక్సీకి పెట్టే డబ్బుకు రెట్టింపు చేతిలో పెట్టండి. పాత చీరతో పంపొద్దు.